కలకత్తాకు రెండు గంటలు

1994 నవంబరులో నన్ను హైదరాబాద్ కార్గో విభాగానికి బదిలీ చేశారు. అప్పటిదాకా విజయవాడ బుకింగ్ ఆఫీసులో టికెట్లు రాసుకుంటూ, ఎవరి జోలికీ పోకుండా బతికినవాణ్ణి. నేను పనిచేసిన విమాన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అది ఇప్పుడు లేదు. కొత్త హోదా కార్గో ఆఫీసర్. వినడానికి బాగానే ఉంటుంది. ప్రయాణికుల విభాగం వాళ్లు మెడకు టై కట్టుకుని ఏసీ గదుల్లో కూర్చునేవాళ్లు. మేము బేగంపేట రన్‌వేకి ఈ పక్కన ఒక రేకుల షెడ్డులో ఎండుచేపల వాసనా మల్లెపూల వాసనా ఒకేసారి పీలుస్తూ పనిచేసేవాళ్లం. బదిలీ కాగితం చూసి మా ఆవిడ, ఏం తప్పు చేశారని అడిగింది. ఏమీ చేయలేదు, ఖాళీ అక్కడ ఉంది, అంతే.

హైదరాబాద్ విమానాశ్రయమంటే అప్పుడు బేగంపేటే. శంషాబాద్ బెంగుళూరు రోడ్డు మీద బస్సులు ఆగి జనం టీ తాగే ఊరు. చుట్టూ ద్రాక్షతోటలు, కోళ్లఫారాలు, రాళ్లగుట్టలు. అక్కడికి ఏనాటికైనా విమానాలు దిగుతాయని ఎవరైనా అంటే మేమే నవ్వేవాళ్లం.

కార్గో కౌంటర్లో రోజూ వినబడే ప్రశ్న ఒకటుంది. "ఎంతసేపట్లో చేరుతుంది?" గోడ మీద ఒక బోర్డు ఉండేది. బొంబాయి, మద్రాసు, ఢిల్లీ, కలకత్తా అని ఊళ్ల పేర్లు, పక్కన ప్రయాణ కాలం. కలకత్తా ఎదురుగా రెండు గంటలు అని రాసి ఉండేది. ఆ దూరం గాలిలో సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు. రైలులో అయితే ఒకటిన్నర రోజు. కాబట్టి బోర్డు చూసినవాళ్ల మొహాలు వెలిగేవి. నాకు మాత్రం ఆ బోర్డంటే మొదటి నెలలోనే విసుగు పుట్టింది. ఎందుకంటే అది చెప్పే రెండు గంటలు, విమానం చక్రాల కింద అడ్డుపెట్టిన చెక్కలు ఇక్కడ తీసినప్పటి నుంచి అక్కడ మళ్లీ పెట్టేదాకా పట్టే కాలం. అది విమానానికి సంబంధించిన లెక్క. సరుకు లెక్క వేరు. సరుకు మూడు గంటల ముందు మా దగ్గరికి రావాలి, తూకం వేయాలి, కాగితం రాయాలి, ట్రాలీ ఎక్కాలి, విమానం రావాలి, అవతల దిగాలి, మళ్లీ షెడ్డుకు చేరాలి. ఇవేవీ బోర్డు మీద లేవు. బోర్డు మార్చమని పైవాళ్లకు రాస్తే, ప్రయాణికుల విభాగం అభ్యంతరం చెబుతుందని జవాబు వచ్చింది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆ బోర్డు ముందు భార్యాభర్తలిద్దరు వచ్చి నిలబడ్డారు. ఆమె పేరు ఎస్తేరమ్మ, నలభై దాటి ఉంటాయి. ఆయన దానియేలు. శంషాబాద్ దాటాక రోడ్డుకు లోపలగా ఉన్న ఊరు వాళ్లది. ఎస్తేరమ్మ చాలా ఏళ్లు ఒక పెద్ద హేచరీలో, అంటే యంత్రంలో గుడ్లు పొదిగించి కోడిపిల్లలను తీసే చోట, పనిచేసింది. ఆ అనుభవంతో ఇంటి వెనక సొంతంగా ఒక పొదుగు యంత్రం పెట్టుకున్నారు. ఫారాల్లో పెంచే తెల్లకోళ్లు కావవి. పెరట్లో తిరిగి, దొరికింది తిని బతికే రంగు కోళ్ల పిల్లలు. వాటిని కలకత్తాలో ఒక వ్యాపారి చుట్టుపక్కల పల్లెలకు సరఫరా చేస్తానని ముందుకు వచ్చాడట. ఒక షరతు పెట్టాడు. మొదటి సరుకు బతికి చేరితే నెలనెలా తీసుకుంటాడు. చేరకపోతే ఇంకొకరిని చూసుకుంటాడు.

ఎస్తేరమ్మకు మాట మీద అదుపు ఎక్కువ, అడగాల్సినవే అడుగుతుంది. అప్పటిదాకా కొంటున్న ఇక్కడి వ్యాపారితో ఏదో మాట పట్టింపు వచ్చి, పిల్లలను అతనికి ఇవ్వడం మానేశారు. గుడ్లు మాత్రం ఎవరి కోసమూ ఆగవు. యంత్రంలో పెట్టిన ఇరవై ఒకటో రోజున పిల్లలు బయటికి వస్తాయి, కొనేవాడు ఉన్నా లేకపోయినా. కలకత్తా బేరం తప్పితే యంత్రం ఆపేసి, ఆమె మళ్లీ పాత హేచరీ గేటు ముందు పనికి నిలబడాలి. ఈ మాట ఆమె చెప్పలేదు. ఆమె పెట్టెల సంగతి రాసుకునేలోపు దానియేలు నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. పెట్టెలకు నాలుగు వైపులా కన్నాలుండాలి, పెట్టెకూ పెట్టెకూ మధ్య గాలి ఆడేలా అంచులకు కర్రముక్కలు కొట్టాలి, పెట్టెలో వందకు మించకూడదు అని. ఇక్కడ వేచి ఉండే కాలం, అక్కడ దిగే కాలం కూడా కలిపి లెక్కపెట్టుకోమన్నాను. ఆమె తల ఊపింది. వెళ్లేటప్పుడు బోర్డు వైపు మరోసారి చూసి, భర్తతో అంది.

"రెండు గంటలే. మన ఊరికెల్లి గీడికి వచ్చినంత సేపు గూడ కాదు."

ఆ లెక్క తప్పు కాదు. ట్రాలీ ఆటోలో శంషాబాద్ నుంచి ఆరాంఘర్, మెహదీపట్నం, పంజగుట్ట మీదుగా బేగంపేట రావడానికి అప్పట్లో అంతకు తక్కువ పట్టేది కాదు.

మార్చిలో సరుకు వచ్చింది. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. విమానం మధ్యాహ్నం. ఉదయమే ట్రాలీ ఆటో షెడ్డు ముందు ఆగింది. లోపల చూస్తే నాకు పెట్టెలు కనబడలేదు, గోనెసంచుల గుట్ట కనబడింది. నాలుగేసి పెట్టెలను కలిపి గోనెపట్టాతో చుట్టి, దబ్బనంతో కుట్టి తెచ్చారు. కుట్టు ఎంత పొందిగ్గా ఉందంటే, పెళ్లికి పట్టుచీర మడతపెట్టిన శ్రద్ధ అందులో కనిపించింది. లోపలి నుంచి వేల గొంతుల కిచకిచ వినబడుతోంది.

ఇదేమిటమ్మా అని అడిగాను.

"పైన మస్తు సలి ఉంటదంట గద సారూ. మా పాస్టరమ్మ ఢిల్లీ పోయొచ్చింది. కిటికి అద్దం ముట్టుకుంటె చెయ్యి జిల్లుమన్నదంట. ఒక్క దినం పిల్లలు, రెండు గంటలు గంత సలిల ఎట్లుంటయి?"

ఈ పొరపాటు కోళ్లపిల్లల సంగతి తెలియనివాడు చేయడు. బాగా తెలిసినవాళ్లే చేస్తారు. పుట్టిన పిల్లలను చంపేది చలేనని ఎస్తేరమ్మ చేతులకు తెలుసు. బల్బుల కింద, ఊక మీద, రాత్రంతా లేచి లేచి చూసుకుని పెంచిన మనిషి. పాస్టరమ్మ చెప్పిన చల్లటి అద్దం ఆమె మనసులో అలా దిగబడిపోయింది. విమానం పొట్టలో, అంటే సరుకు పెట్టే చోట, పైన ప్రయాణికులు పీల్చే గాలే గోడల వెంట కిందికి దిగుతుందని, అక్కడ గడ్డకట్టే చలి ఉండదని నేను చెప్పాను. పైగా వందలకొద్దీ పిల్లలు ఒకచోట ఉంటే వాటి ఒంటి వేడి వాటికి చాలు, ఎక్కువ కూడా. గాలి ఆడకపోతే ఉడికిపోతాయి. గోనెలు తీయకపోతే సరుకు తీసుకోను అన్నాను.

ఆమె చాలాసేపు వాదించింది. మీరు ఎప్పుడన్న కోడిపిల్లను చేతుల వట్టుకున్నరా అని అడిగింది. పట్టుకోలేదని చెప్పాను. "మరి మీకెట్ల ఎరుక?" అంది. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర ఉన్నది ఒక రూల్ పుస్తకం, దాన్ని రాసినవాళ్లు చచ్చిన జంతువులను లెక్కపెట్టి రాశారని మాత్రం చెప్పగలిగాను. దాంతో ఆమె కత్తెర తీసుకుని తానే కుట్లు తెంపింది. తెంపుతుంటే కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అన్ని పెట్టెలూ విప్పాక వాటి మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని చిన్నగా ప్రార్థన చేసింది. నాకు జాలి వేసింది. కానీ జాలి వేసిందని రూలు మార్చడం కుదరదు కదా.

తూకం అయింది. ఎయిర్ వేబిల్, అంటే సరుకుతో పాటు పోయే రసీదు, రాశాను. పెట్టెల మీద ఏవీఐ అన్న పచ్చ చీటీలు అంటించాం. ప్రాణమున్న సరుకుకు మా భాషలో ఆ మూడక్షరాలే గుర్తు. అలాంటి సరుకు ఎక్కితే కెప్టెన్‌కు ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ కాగితాన్ని నోటాక్ అంటాం. అది తయారు చేయడానికి నేను గదిలోకి వెళ్లాను. పెట్టెలను ట్రాలీ మీద పేర్చే పని లోడర్ యాదయ్యది. యాదయ్య బుద్వేల్ మనిషి, మంచి పనిమంతుడు, మనసు కాస్త మెత్తన.

బెంగుళూరు నుంచి వచ్చి కలకత్తా పోవాల్సిన విమానం కొంచెం ఆలస్యంగా దిగింది. మా విమానాలకు పొట్టలో రెండు అరలుంటాయి, ముందు ఒకటి, వెనక ఒకటి. కోడిపిల్లలు ముందు అరలోకి పోయాయి, తలుపు వేశారు. వెనక అర ప్రయాణికుల సామానుకు. ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ప్రయాణికుల సూట్‌కేసులన్నీ విమానం పక్కన నేల మీద వరసగా పెట్టేవాళ్లు. ప్రతి ప్రయాణికుడూ మెట్లెక్కే ముందు వచ్చి తన పెట్టెను వేలితో చూపించాలి. చూపించినదే లోపలికి పోతుంది. ఎవరూ చూపించని పెట్టె మిగిలితే బాంబు భయం. దాని సంగతి తేలేదాకా విమానం కదలదు.

ఆ రోజు ఒక నీలం సూట్‌కేసు మిగిలింది.

ప్రయాణికులను లెక్కపెడితే ఒక తల తక్కువ వచ్చింది. మైకులో పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. భద్రతా సిబ్బంది ఆ సూట్‌కేసు చుట్టూ జనాన్ని దూరంగా జరిపారు. నేను షెడ్డు వెనక తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. అక్కడ నేల మీద ఒక పసుపు గీత ఉంటుంది. పాస్ లేనివాళ్లు దాన్ని దాటకూడదు. గీతకు ఇవతల, తూకం బల్ల అంచున భర్త పక్కన ఎస్తేరమ్మ కూర్చుంది. విమానం లేచేదాకా ఉండి పోతానని అడిగింది, సరేనన్నాను. కాసేపయ్యాక అడిగింది, ఇంకా పోలేదేంది సారూ అని. సంగతి చెప్పాను. ఇంకా చాలాసేపటికి షెడ్డులో గడియారం వైపు చూసి, నన్ను అడిగినట్టు కాకుండా తనలో తాను అంది.

"గీడనే రెండు గంటలు కావొస్తుంది. కలకత్త వచ్చేటిదుండె గద ఇప్పటికి."

దానియేలు ఆ మాటకు లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచి, నన్ను చెయ్యి పట్టుకుని మూలకు తీసుకెళ్లాడు.

"సారూ, గోనెలు మళ్ల కప్పినం."

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన చెప్పుకొచ్చాడు. భార్య కుట్లు తెంపుతూ ఏడవడం చూడలేకపోయాడట. నేను గదిలోకి పోగానే యాదయ్య దగ్గరికి వెళ్లి, జర కప్పు అన్నా, పసిపిల్లలు గద అని బతిమాలాడట. యాదయ్యకూ సరే అనిపించింది. ఇద్దరూ కలిసి గోనెలన్నీ పెట్టెల మీద కప్పి, చుట్టూ దోపి పంపించేశారు. ఆమె అప్పుడు కౌంటర్ దగ్గర ఉంది, ఆమెకు తెలియదు. ఈ సంగతి విమానం కలకత్తా చేరాక చెప్పి సంతోషపెట్టాలనుకున్నాడు.

నాకు కోపం ఎంత వచ్చిందో చెప్పలేను. కానీ ఆయన మొహం చూశాక తిట్టడానికి నోరు రాలేదు. విమానం కదలకుండా ఎండలో నిలబడి ఉన్నప్పుడు మూసిన అరలోకి గాలి పోదు. పైన ఎగురుతున్నప్పుడు వచ్చే గాలి కూడా రాదు. అందులో గోనెలు. నేను విమానం దగ్గరికి పరుగెత్తాను. ఒకసారి వేసిన అర తలుపు తెరవాలంటే కెప్టెన్ అనుమతి కావాలి. మెట్లెక్కి, నోటాక్ చూపించి సంగతి చెప్పాను. ఆ కెప్టెన్ పంజాబీ ఆయన, పొడవాటి మనిషి. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నాతో పాటు కిందికి దిగి వచ్చి, తెరవమన్నాడు.

తలుపు తెరవగానే అన్నం గిన్నె మీద మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. ఉదయం విన్న కిచకిచ లేదు. యాదయ్య నాకంటే ముందు లోపలికి దూరి గోనెలు లాగేశాడు. ఒక పెట్టె మూత ఎత్తి చూశాను. పిల్లలు రెక్కలు విప్పి, ముక్కులు తెరిచి, డొక్కలు ఎగరేస్తున్నాయి. కొన్ని కదలడం లేదు. యాదయ్య నా వైపు చూడలేక తల వంచుకున్నాడు.

రూలు ప్రకారం ఇక చేయాల్సింది ఒకటే. ప్రాణమున్న సరుకు బాగా లేదని అనుమానం వస్తే దించేయాలి. దించేస్తే కలకత్తా బేరం పోయినట్టే. దించకుండా పంపిస్తే, దారిలో పోతే, అప్పుడూ పోయినట్టే. ఏవి బతుకుతాయో ఏవి బతకవో చూసి చెప్పే శక్తి నాకు లేదు. ఎస్తేరమ్మను విమానం దగ్గరికి తీసుకురావాలంటే పాస్ కావాలి, అది ఆ పూటకు తెమిలే పని కాదు. కాబట్టి ఆమెను తీసుకురాకుండా పెట్టెలనే ఆమె దగ్గరికి పట్టుకుపోదామన్నాను. కెప్టెన్ సరేనన్నాడు. సూట్‌కేసు సంగతి తేలేదాకా తనకూ పని లేదు కదా.

ట్రాలీ పసుపు గీత దగ్గరికి వచ్చి ఆగింది. పెట్టెల పైన గోనెలు కుప్పగా ఉన్నాయి. ఎస్తేరమ్మ మొదట వాటినే చూసింది. అవి తన ఇంటి గోనెలు, తన చేతులతో కుట్టినవి. ఆమె తల తిప్పి భర్త వైపు చూసింది. ఆయన గోడకు ఆనుకుని, పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. కొంగు నడుముకు చుట్టుకుని గీత పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

ఆ తరవాత ఆమె చేసిన పని నేను కన్నార్పకుండా చూశాను. మూతలన్నీ తీయించింది. షెడ్డులో ఉన్న పెద్ద ఫ్యాను వాటి వైపు కాకుండా పక్క గోడ వైపు తిప్పమంది, ఎదురుగాలి తగలకూడదట. గిన్నెలో నీళ్లు తెప్పించి, వేలు ముంచి, నోరు తెరిచిన ఒక్కొక్క పిల్ల ముక్కుకు తాకించింది. దానియేలును పిలవలేదు. ఆయనే వచ్చి ఎదురుగా కూర్చుని అదే పని మొదలుపెట్టాడు. యాదయ్య కూడా కూర్చున్నాడు. చచ్చిపోయిన వాటిని ఆమె తీసి ఒక గోనె మీద పక్కగా పేరుస్తోంది. నేను అనుకున్నంత లేవు. అయినా ఒక్కటి తీసినప్పుడల్లా ఆమె పెదవులు బిగుసుకుంటున్నాయి.

కొంచెంసేపటికి ఒక మూల నుంచి కిచకిచ మొదలైంది. మరో మూల అందుకుంది.

"నోర్లు మూస్తున్నయి సారూ" అంది. అది మంచి గుర్తని ఆమె గొంతును బట్టి తెలిసింది.

అప్పుడే టెర్మినల్ నుంచి కబురు వచ్చింది. నీలం సూట్‌కేసు మనిషి దొరికాడు. లోపల కూర్చుని కూర్చుని విసుగేసి, బయట ఎస్టీడీ బూత్‌లో ఎవరితోనో పోట్లాడుతున్నాడట. ఇంకాసేపట్లో విమానం బయలుదేరుతుంది, పంపిస్తారా లేదా అని కెప్టెన్ అడుగుతున్నాడు. నేను ఎస్తేరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంటికి తీసుకుపోతే మిగిలినవి బతుకుతాయి. పంపిస్తే ఏమవుతుందో నేను మాట ఇవ్వలేను.

ఆమె నన్ను ఒకటే అడిగింది. "పైకి పోయినంక గాలి ఉంటదా?"

ఉంటుందన్నాను.

"ఆడ దిగినంక ఎంత సేపు ఎండల వెడతరు?"

అది నా చేతిలో ఉన్న పని. కలకత్తా కార్గోకు ఇప్పుడే టెలెక్స్ పంపిస్తాను, తలుపు తెరవగానే ముందు ఇవే దించమని, వ్యాపారిని షెడ్డులో కాకుండా గేటు దగ్గరే ఉంచమని రాస్తాను అన్నాను.

ఆమె మళ్లీ పెట్టెల వైపు తిరిగింది. హేచరీల్లో ఒక ఆనవాయితీ ఉందని తరవాత ఆమే చెప్పింది. వంద పిల్లలకు రెండు ఎక్కువ వేసి ఇస్తారు, దారిలో పోయే వాటికి బదులుగా. మొదటి బేరం కదా, మంచిపేరు రావాలని ఆమె ఒక్కో పెట్టెలో ఇంకా ఎక్కువే వేసింది. నేను లోపల తలలు లెక్కపెట్టలేదు, ఎవరూ పెట్టరు. ఇప్పుడు ఆ ఎక్కువ వాటినీ, మెడ వాల్చిన వాటినీ ఏరి, షెడ్డులో ఉన్న ఖాళీ అట్టపెట్టెలో వేసింది. మిగిలినవాటికి జాగా విశాలమైంది. పెట్టెల సంఖ్య మారలేదు కాబట్టి కాగితం మార్చే పని నాకు పడలేదు. మూతలు వేసి లేచి, యాదయ్యతో అంది.

"ఇగ కప్పకు బిడ్డా. ఏం కప్పకు. గాలి తగలనియ్యి."

పెట్టెలను నేనే దగ్గరుండి ఎక్కించాను. ఆఖరున ఎక్కించాం, చెక్కలు తీసేముందు దాకా తలుపు తెరిచే ఉంచాం. కెప్టెన్ కిటికీలోంచి బొటనవేలు చూపించాడు. ఆ నెలల్లో పైన గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. అందుకే కలకత్తా పోయేటప్పుడు పట్టేదాని కంటే వచ్చేటప్పుడు ఎక్కువ పడుతుంది, దూరం అదే అయినా. ఆ రోజు ఆయన గాలిని బాగా వాడుకున్నాడని, వంపులు లేకుండా తిన్నగా పోవడానికి కంట్రోల్ వాళ్లను అడిగి ఒప్పించాడని తరవాత తెలిసింది. బోర్డు మీద రాసిన కాలం కంటే ముందే దిగాడు. కోడిపిల్లల కోసం అంత చేసిన కెప్టెన్‌ను నేను మళ్లీ చూడలేదు.

వాళ్లిద్దరూ ఇంటికి పోలేదు. వాళ్ల ఊళ్లో ఫోను లేదు, కబురు వస్తే మా షెడ్డుకే రావాలి. ఇద్దరూ ఖాళీ పెట్టెల మీద కూర్చున్నారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలి. ఏరిపెట్టిన పిల్లల పెట్టె ఎస్తేరమ్మ ఒళ్లో ఉంది. సాయంత్రం ఫోను మోగింది. కలకత్తా షెడ్డు నుంచి ఆ వ్యాపారే మాట్లాడుతున్నాడు. రిసీవర్ ఆమెకు ఇచ్చాను. ఆమెకు వచ్చిన హిందీ మన హైదరాబాద్ ఉర్దూ. అవతలివాడు ఏదో గబగబా చెబుతున్నాడు. ఆమె మధ్యలో ఆపింది.

"పానీ పిలాయా? పైలే పానీ పిలావ్. గిన్తీ బాద్ మే."

ముందు నీళ్లు తాగించు, లెక్క తరవాత చూసుకుందువు అని. అతను ఏమన్నాడో, ఆమె చాలాసేపు విని, అచ్ఛా అచ్ఛా అని రిసీవర్ నాకు ఇచ్చింది. నేను మళ్లీ అడిగి తెలుసుకున్నాను. కొన్ని పోయాయి. ఆనవాయితీగా వందకు వదిలేసే రెండింటి కంటే ఎక్కువే పోయాయి. కానీ మిగిలినవి గట్టిగా ఉన్నాయి, అరుస్తున్నాయి, వచ్చే నెల మళ్లీ పంపమన్నాడు.

నేను ఆ మాట చెప్పాక ఎస్తేరమ్మ మొహం కొంగుతో కప్పుకుని ఏడ్చింది. దానియేలు ఏం చేయాలో తెలియక గోనెలు మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఆమె కొంగు తీసి, ఉదయం తరవాత మొదటిసారి ఆయనతో మాట్లాడింది.

"అన్ని ఏరుకో. ఇంట్ల వడ్లు పోసేటందుకు సంచుల్లెవ్వు."

ఆయన అన్నీ ఏరుకున్నాడు. యాదయ్య సంగతి నేను పైకి రాయలేదు. ఎదురుగా నిలబెట్టి చెప్పాల్సింది చెప్పాను. అప్పటి నుంచి ప్రాణమున్న సరుకు ఎక్కేటప్పుడు నేను అర తలుపు దగ్గర స్వయంగా నిలబడేవాణ్ణి.

ఎస్తేరమ్మ తన పద్ధతి మార్చుకుంది. ఆ తరవాత సరుకు ఉన్న రోజున శంషాబాద్ ఎస్టీడీ బూత్ నుంచి నాకు ఫోను చేసేది. కలకత్తాకు ఎంతసేపు అని అడిగేది కాదు. "బండి ఏడికొచ్చింది సారూ?" అనేది. ఆ విమానం ఆ రోజు ఏ ఊళ్లో ఉందో, సమయానికి నడుస్తోందో లేదో నేను చెప్పాకే పిల్లలను పెట్టెల్లో వేసి మూతలు వేసేది. మూడు గంటల ముందే తేవాలన్న రూలును ఆమె సరుకు విషయంలో సడలించమని పైవాళ్లకు రాశాను. బోర్డు సంగతిలో మొండికేసినవాళ్లు దీనికి మాత్రం ఒప్పుకున్నారు. నేను మళ్లీ బదిలీ అయ్యేదాకా నెలనెలా ఆ పెట్టెలు వచ్చాయి. గోనెలు మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు విమానాశ్రయమే శంషాబాద్‌కు వచ్చేసింది. ఎస్తేరమ్మ ఊరి మీదుగానే విమానాలు దిగుతుంటాయి, బేగంపేట దగ్గర ఉండే నేను విమానం ఎక్కాలంటే ఆమె ఒకప్పుడు వచ్చిన దూరం ఎదురు పోవాలి. కలకత్తా మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. గాలిలో అదే దూరం, ఇంచుమించు అదే రెండు గంటలు.

ఈ సంగతి నాకు నేర్పింది చిన్న విషయమే, కానీ ఉద్యోగం ఉన్నంతకాలం పనికొచ్చింది. ప్రయాణ కాలం విమానం లేచినప్పుడు మొదలు కాదు, పెట్టెకు మూత వేసినప్పుడు మొదలవుతుంది. మూత తీసినప్పుడే ముగుస్తుంది. ఇనుప సామానుకు ఆ తేడా పట్టదు. పూలకు కొంచెం పడుతుంది. ఊపిరి పీల్చేవాటికి అదే సర్వస్వం. ఆ తరవాత కౌంటర్లో ఎవరైనా, కలకత్తాకు ఎంతసేపు పడుతుందని అడిగితే నేను బోర్డు వైపు చూపించడం మానేశాను. ముందు నేనొక ప్రశ్న అడిగేవాణ్ణి. "ఏం పంపుతున్నారు?"